గ్యాంట్రీ గొట్టంలో కేబుళ్ల కోసం పొడవాటి కోత పెట్టవచ్చా?

ప్రశ్న: చదరపుగొట్టం (అడిగినవారి మారుపేరు; సమాధానాల పక్కనున్నవీ మారుపేర్లే)

నమస్కారం. చెక్కకూ, అప్పుడప్పుడు అల్యూమినియం పలకలకూ పనికివచ్చే, కంప్యూటర్ నడిపే కోత యంత్రమైన ఒక సీఎన్‌సీ రౌటర్‌ను నేను ఇంట్లోనే తయారు చేసుకుంటున్నాను. కింది చట్రం 50×50×3 మి.మీ. చదరపు ఉక్కు గొట్టాలతో వెల్డింగ్ చేసి సిద్ధంగా ఉంది. గ్యాంట్రీ (పని బల్లకు పైన అడ్డంగా ఉండి ముందుకూ వెనక్కూ కదిలే భాగం) అడ్డదూలానికి 80×80×4 మి.మీ. గొట్టం తీసుకున్నాను, ఆధారాల మధ్య దూరం 1000 మి.మీ. లీనియర్ రైళ్లు (క్యారేజి అనే కదిలే భాగం జారే పట్టాలు) రెండూ దూలం ముందు ముఖం మీద ఒకదాని కింద ఒకటి వస్తాయి. క్యారేజి మీద నీటితో చల్లబడే 2.2 కిలోవాట్ల స్పిండిల్ (కత్తిని తిప్పే మోటారు), దాన్ని పైకీ కిందికీ కదిపే జెడ్ మోటారు, ప్రయాణపు హద్దు చేరగానే యంత్రాన్ని ఆపే రెండు లిమిట్ స్విచ్‌లు, పనిముట్టు ఎత్తు కొలిచే ప్రోబ్ ఉంటాయి.

వీటి కేబుళ్లన్నీ దూలం పైన పడుకుని, క్యారేజితోపాటు వంగుతూ కేబుళ్లను మోసే లింకుల గొలుసైన డ్రాగ్ చైన్‌లో వస్తాయి. చైన్ కదలని కొస దూలం నడిమధ్యలో ఉండాలి కనుక, అక్కడి నుంచి ఎడమ చివర దాకా కేబుళ్లను ఎలాగో ఒకలా తీసుకువెళ్లి వై అక్షం (గ్యాంట్రీ కదిలే దిశ) చైన్‌లోకి దింపాలి. అందుకోసం దూలం వెనుక ముఖంలో 30 మి.మీ. వెడల్పున, మధ్య నుంచి ఎడమ చివర దాకా, అంటే సుమారు 500 మి.మీ. పొడవున కోత పెట్టి, చివర తెరిచే ఉంచాలని అనుకుంటున్నాను. అలా చేస్తే కనెక్టర్లు బిగించి ఉన్న కేబుళ్లను కూడా లోపలికి జారవిడవవచ్చు. ఒక్కటి పాడైతే మిగతావాటిని కదల్చకుండా దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు.

లెక్క కూడా వేశాను. గొట్టాన్ని అడ్డంగా కోస్తే కనిపించే ముఖంలో పోయే లోహం పదో వంతు మాత్రమే. నిలువుగా వంగడాన్ని నిరోధించే గుణం ఒక శాతం కూడా తగ్గదు. ముందుకూ వెనక్కూ వంగే దిశలో పదిహేను, పదహారు శాతం తగ్గుతుంది. ఈ మాత్రం నష్టాన్ని భరించవచ్చనే నా ఉద్దేశం. అయినా ఈ పని తెలిసిన ఒక మిత్రుడు బొమ్మ చూసి, కోత పెడితే దూలం దూలంలా ఉండదని అన్నాడు, కారణం మాత్రం వివరించలేదు. నా లెక్కలో ఏదైనా జారిపోయిందా?

దీనితోపాటు ఇంకొకటి. మోటార్లను నడిపే కంట్రోలర్ పెట్టె కింది చట్రం లోపలే ఉంటుంది. ప్రక్కన వేయదలచిన ఏటవాలు కడ్డీ సరిగ్గా చెయ్యి పెట్టవలసిన చోటికే అడ్డం వస్తోంది. దాన్ని తీసివేయవచ్చునా?

సమాధానం: మెలిపట్టు

మీరు వేసిన లెక్క తప్పు కాదు, కానీ అది వంగడం గురించి మాత్రమే చెబుతుంది. మీ యంత్రంలో దూలం వంగడంతోపాటు మెలి కూడా తిరుగుతుంది. రైళ్లు ముందు ముఖం మీద ఉన్నాయి; కత్తిరించే మొన దూలం మధ్యరేఖకు ఎంతో కింద ఉంది. కాబట్టి మొన మీద ముందుకో వెనక్కో పడే ప్రతి బలమూ దూలాన్ని వంచడంతో ఆగదు, దాని పొడవు చుట్టూ తిప్పడానికి కూడా చూస్తుంది.

సంఖ్యలతో చూద్దాం. మొన మధ్యరేఖకు 200 మి.మీ. కింద ఉందనీ, దాని మీద 200 న్యూటన్ల బలం పడిందనీ, క్యారేజి దూలం నడిమధ్యలో ఉందనీ అనుకోండి. రెండు చివరలూ మామూలు ఆధారాల మీద ఉన్నట్టు లెక్కిస్తే దూలం వంగడం వల్ల కలిగే కదలిక సుమారు 0.018 మి.మీ. మెలి తిరగడం వల్ల మొన దగ్గర కలిగే కదలిక, గొట్టం చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు, సుమారు 0.014 మి.మీ. ఈ రెండూ దాదాపు సమానమని గమనించండి. మీ లెక్కలో ఉన్నది వీటిలో మొదటిది మాత్రమే. కోత దెబ్బ తగిలేది రెండోదానికి.

మూసి ఉన్న గొట్టం మెలిని ఎదుర్కొనే తీరు వేరు. లోహంలో పుట్టే కోతబలం (షియర్: లోహపు పొరలను ఒకదాని మీదుగా ఒకటి జరపజూసే బలం) నాలుగు గోడల మీదుగా తెగకుండా చుట్టూ తిరిగి, మొదలైన చోటికే చేరుకుంటుంది. ఆ చుట్టు ఎంత వైశాల్యాన్ని లోపల మూసి ఉంచుతుందో దాని వర్గాన్ని బట్టి మెలి నిరోధం ఉంటుంది. గొట్టం పొడవునా ఒక్క చీలిక పెట్టారంటే, అది రంపపు పళ్లంత సన్ననిదైనా సరే, ఆ చుట్టు తెగిపోతుంది. అప్పటి నుంచి గొట్టం మెలి విషయంలో గొట్టంలా కాక, మడతపెట్టిన పలుచని రేకులా ప్రవర్తిస్తుంది. మీ 80×80×4 గొట్టానికి ఈ రెండు స్థితుల మధ్య తేడా సూత్రం ప్రకారం సుమారు 270 రెట్లు. పోయిన లోహం పదో వంతా, నూరో వంతా అన్న దానితో ఈ తేడాకు సంబంధమే లేదు. నమ్మకం కలగకపోతే ఒక అట్టగొట్టాన్ని చేతులతో మెలితిప్పి చూసి, తరువాత పొడవునా బ్లేడుతో చీల్చి మళ్లీ తిప్పి చూడండి.

అయితే మీ కోత పూర్తి పొడవుది కాదు కాబట్టి 270 రెట్ల నష్టం మీకు కలగదు. కోతకు రెండు వైపులా చెక్కుచెదరని గొట్టం మిగిలి ఉంటే, ఆ మూసిన భాగాలు కోత అంచులను ఒకదాని మీదుగా ఒకటి ముందువెనుకలుగా జారనివ్వకుండా పట్టుకుంటాయి. నష్టం కొన్ని రెట్లకు పరిమితమవుతుంది. అంచులు అలా జారడం వల్ల వచ్చే మెలి, కోత పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, పొడవును మూడో వంతుకు తగ్గిస్తే ఆ భాగం సుమారు ఇరవై ఏడో వంతుకు దిగుతుంది. మీ బొమ్మలో నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా కనిపించింది కోత వెడల్పూ కాదు, పొడవూ కాదు. దాన్ని చివర దాకా తీసుకువెళ్లి తెరిచి వదిలిపెట్టడం. అక్కడ అంచులను పట్టుకునేది ఏదీ ఉండదు. చివర ఒక పలుచని మూత పలక వెల్డింగ్ చేసినా, ఆ పలక తన తలానికి అడ్డంగా సులువుగా వంగుతుంది కాబట్టి పెద్దగా ఆదుకోదు.

నా సలహా ఇది. పొడవాటి కోతను పూర్తిగా వదిలేసి, నడిమధ్యలో ఒకటి, ఎడమ చివరకు ఒక 100 మి.మీ. ఇవతల ఒకటి, రెండు గుండ్రటి రంధ్రాలు పెట్టండి. గుండ్రటి రంధ్రం చుట్టూ బలం పక్కకు తిరిగి వెళ్లిపోతుంది, చుట్టు తెగదు. రంధ్రం వ్యాసం ముఖం వెడల్పులో మూడో వంతు దాటకుండా చూసుకోవడం నేను పాటించే హద్దు. మీ ముఖానికి అది 26, 27 మి.మీ. అవుతుంది. రంధ్రాన్ని ముఖం మధ్యరేఖ మీదే వేయండి. నాలుగు మూలలూ అటు నిలువుగా వంగడంలోనూ ఇటు అడ్డంగా వంగడంలోనూ పనిచేసే లోహం కాబట్టి వాటి జోలికి పోవద్దు. ఒక రంధ్రం చాలకపోతే దాన్ని పెద్దది చేయకుండా, ఒక ముఖం వెడల్పుకు తగ్గని ఎడంతో రెండోది పెట్టండి. నలుచదరపు కిటికీ తప్పనిసరైతే మూలలను బాగా గుండ్రంగా తిప్పండి. మీ దూలంలో ఒత్తిళ్లు తక్కువే కనుక అది విరిగిపోతుందన్న భయం లేదు. కానీ పదునైన మూల పక్కనే వెల్డింగ్ అతుకు ఉంటే ఏళ్ల తరబడి కంపనంలో పగులు మొదలయ్యేది అక్కడి నుంచే.

కింది చట్రంలో ఏటవాలు కడ్డీని తీసివేయవచ్చు, కానీ దాని స్థానంలో ఏదో ఒకటి ఉండాలి. దీర్ఘచతురస్రాకారపు చట్రం తనంతట తాను మూలల బిగుతు మీదే నిలబడుతుంది, ఏటవాలు కడ్డీయో పలకో పడ్డప్పుడే గట్టిపడుతుంది. ఆ ప్రక్కకు 3 మి.మీ. ఉక్కు పలకను నాలుగు వైపులా బిగించి, దాని మధ్యలో చెయ్యి పట్టేంత తలుపు కోయండి. తలుపు చుట్టూ అన్ని వైపులా తగినంత పలక మిగిలితే కడ్డీ చేసే పనిలో చాలా భాగం అదే చేస్తుంది.

చదరపుగొట్టం

వివరణకు ధన్యవాదాలు. మెలి సంగతి నేను లెక్కలోకే తీసుకోలేదని ఇప్పుడు అర్థమైంది. అయితే గుండ్రటి రంధ్రాలతో నాకు ఒక చిక్కు ఉంది. జెడ్ స్టెప్పర్ మోటారు కేబుళ్లకూ, స్విచ్ కేబుళ్లకూ కనెక్టర్లు ముందే బిగించి ఉన్నాయి. స్పిండిల్ కనెక్టర్ వాటికన్నా లావు. ఐదు కేబుళ్లూ రెండు నీటి గొట్టాలూ కలిసి 27 మి.మీ. రంధ్రంలో పట్టవు. పట్టినా, రేపు ఒక కేబుల్ తెగితే ఆ ఇరుకు దారిలో నుంచి లాగి కొత్తది ఎక్కించడం ఎలాగన్నదే నా దిగులు.

సమాధానం: తీగలపెట్టె

గొట్టం గట్టిదనం గురించి పైన చెప్పినదాంతో ఏకీభవిస్తూ, కేబుళ్ల వైపు నుంచి కొన్ని విషయాలు చెబుతాను. అసలు అన్ని కేబుళ్లూ ఒకే దారిలో, ఒకే ముక్కగా వెళ్లాలని మీరు అనుకోవడం వల్లే అంత పెద్ద కోత అవసరమనిపిస్తోంది.

తెగిపోయేది ఏ కేబులో ఆలోచించండి. డ్రాగ్ చైన్‌లో రోజూ వేల సార్లు వంగి లేచే భాగమే అరుగుతుంది. దూలం లోపల కదలకుండా పడి ఉండే భాగానికి, అంచులు కోసుకోకపోతే, దాదాపు ఏమీ కాదు. కాబట్టి సులువుగా మార్చుకునే వీలు చైన్ భాగానికి కావాలి, దూలం లోపలి భాగానికి కాదు. చైన్ కదలని కొస దగ్గర, దూలం నడిమధ్యలో, ఒక చిన్న పెట్టెను నాలుగు ఎం4 (4 మి.మీ.) స్క్రూలతో బిగించండి. చైన్ నుంచి వచ్చే మోటారు, స్విచ్, ప్రోబ్ కేబుళ్లు అక్కడ కనెక్టర్లతో ముగుస్తాయి. అక్కడి నుంచి దూలం లోపలికి వెళ్లే కేబుళ్లు వేరు. వాటిని కనెక్టర్లు లేకుండానే లాగి, చివరలను తరువాత క్రింప్ చేయాలి (కనెక్టర్ పిన్నులను నొక్కి బిగించాలి). ఇప్పటికే కనెక్టర్లు ఉన్నాయని చింతించవద్దు. పిన్నులు వెనక్కి ఊడదీయడానికి వీలున్న రకమైతే విప్పి తిరిగి ఎక్కించవచ్చు, కానిదైతే కోసివేసి కొత్తవి బిగించడం గొట్టాన్ని కోయడం కన్నా ఎంతో చవక. నాలుగు తీగల స్టెప్పర్ కేబుల్, రెండు సన్నని స్విచ్ కేబుళ్లు, ప్రోబ్ తీగ ఇన్నీ కలిసి 25 మి.మీ. రంధ్రంలో సునాయాసంగా వెళతాయి.

స్పిండిల్ కేబుల్‌ను మాత్రం ఆ పెట్టెలో తెంపవద్దు, దూలం లోపలికీ పంపవద్దు. ఇన్వర్టర్ (స్పిండిల్‌కు కరెంటు ఇచ్చి వేగాన్ని మార్చే పెట్టె) నుంచి స్పిండిల్ దాకా షీల్డ్ (కేబుల్ లోపలి లోహపు అల్లిక) తెగకుండా ఒకే ముక్కగా ఉండాలి. షీల్డ్ రెండు చివరలా లోహపు శరీరానికి చుట్టూ తాకేలా బిగించాలి. అది లిమిట్ స్విచ్ తీగల పక్కనే అర మీటరు దూరం ఒకే గొట్టంలో సమాంతరంగా వెళితే, స్పిండిల్ తిరగడం మొదలుపెట్టగానే ఆ కేబుల్ విద్యుత్ అలజడి స్విచ్ తీగలకు సోకి యంత్రం ఏ స్విచ్చూ తాకకుండానే ఆగిపోవడం చాలామంది చూసిందే. తప్పనిసరిగా దాటవలసిన చోట లంబంగా దాటించండి. లిమిట్ స్విచ్‌లను మామూలు స్థితిలో సర్క్యూట్ మూసి ఉండే విధంగా కలిపితే తీగ తెగినప్పుడు యంత్రమే ఆగి చెబుతుంది.

నీటి గొట్టాలు కూడా బయటే ఉండాలి. మూసిన గొట్టం లోపల నీరు కారడం మొదలైతే, అది చివర నుంచి బొట్లు బొట్లుగా రాలేదాకా మీకు తెలియదు. ఆ లోపు పక్కనున్న కరెంటు తీగలు తడిసిపోతాయి. స్పిండిల్ కేబుల్‌కూ నీటి గొట్టాలకూ దూలం వెనుక ముఖానికి 1.5 మి.మీ. రేకును మడిచి చేసిన ఒక తెరిచిన తొట్టిని ఐదారు చిన్న స్క్రూలతో బిగిస్తే సరిపోతుంది. చిన్న స్క్రూ రంధ్రాల వల్ల దూలానికి వచ్చే నష్టం లెక్కలోకి రానిది.

దూలం లోపల వెళ్లే కేబుళ్లను విడివిడిగా వదలవద్దు. అవి కంపనానికి గోడలకు కొట్టుకుంటూ శబ్దం చేస్తాయి, క్రమంగా పైపొర అరుగుతుంది. రంధ్రం నుంచి రంధ్రానికి ముడతల ప్లాస్టిక్ కాండ్యూట్ (తీగల గొట్టం) ఒకటి వేసి, దానిలో కేబుళ్లతోపాటు ఒక నైలాన్ తాడును కూడా వదిలిపెట్టండి. రేపు ఇంకో తీగ కావాలంటే ఆ తాడే లాగుతుంది. లాగేటప్పుడు దాని వెనుక మరో తాడు కట్టడం మరచిపోవద్దు. రంధ్రం అంచును రెండు వైపులా ఆకురాయితో నున్నగా చేయాలి. లోపలి అంచు చేతికి అందదు గనుక చాలామంది వదిలేస్తారు, తీగను కోసేది ఆ అంచే. షాపులో దొరికే రబ్బరు గ్రామెట్లు (రంధ్రం అంచును కప్పే వలయాలు) ఎక్కువగా పలుచని రేకుల కోసం చేసినవి, 4 మి.మీ. గోడకు సరిగా కూర్చోవు. ఎం25 కేబుల్ గ్లాండ్ (కేబుళ్లను బిగించి పట్టే మరబిళ్ల) అయితే 25 మి.మీ. రంధ్రంలో గట్టిగా నిలుస్తుంది. అనేక రంధ్రాల రబ్బరు గుండు ఉన్న రకం తీసుకుంటే నాలుగు కేబుళ్లనూ విడివిడిగా పట్టుకుంటుంది.

చైన్ గురించి క్లుప్తంగా. వంపు వ్యాసార్ధం చైన్‌లోని అతి లావైన కేబుల్ వ్యాసానికి కనీసం ఏడున్నర నుంచి పది రెట్లు ఉండేలా చూడండి. మీ దగ్గర అది స్పిండిల్ కేబులే. లోపలి చోటును అరవై శాతానికి మించి నింపవద్దు. బలమైన కరెంటు తీగలకూ సంకేతాల తీగలకూ మధ్య అడ్డుబిళ్లలు పెట్టండి. కేబుళ్లను చైన్ లోపల కట్టవద్దు, రెండు కొసల దగ్గర మాత్రం బిగించండి. చైన్ పొడవు, ప్రయాణ దూరంలో సగానికి వంపు అర్ధవృత్తం పొడవును కలిపితే వస్తుంది. ఒకటి రెండు లింకులు అదనంగా వేసుకోండి. ఇంకొక హెచ్చరిక: మధ్యలో కనెక్టర్ పెట్టె వచ్చాక దాన్ని ఊడదీయాలన్న ఉత్సాహం పెరుగుతుంది. డ్రైవర్‌కు కరెంటు ఉన్నప్పుడు స్టెప్పర్ మోటారు కనెక్టర్ లాగితే డ్రైవర్ (మోటారును నడిపే సర్క్యూట్) కాలిపోవచ్చు.

సమాధానం: మరమేకు

పొడవాటి కోతను అంత పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదని నా అభిప్రాయం. కోత అవసరమైన యంత్రాలు ఉంటాయి. ఉదాహరణకు బాల్ స్క్రూ (తిరుగుతూ నట్టును ముందుకు నడిపే మరకడ్డీ) గొట్టం లోపలే తిరిగే ఏర్పాటులో నట్టును బయటి క్యారేజికి కలపాలంటే కోత లేకుండా కుదరదు. కేబుళ్ల విషయంలో కూడా లోపల చెయ్యి పెట్టి పనిచేయవలసిన చోటు ఒకటి కావాలంటే కిటికీ కోయవచ్చు. దాన్ని మూసే మూత ఎలాంటిదన్నదే అసలు విషయం.

మెలిపట్టు గారు చెప్పిన చుట్టు తెగిపోయిందంటే, దాన్ని తిరిగి కలిపే మార్గం కూడా ఉండాలి కదా. గట్టిగా బిగించిన మూత పలక ఆ పనే చేస్తుంది. ఆయన లెక్కనే తీసుకుందాం. మొన మీద 200 న్యూటన్లు, చేయి పొడవు 200 మి.మీ., అంటే మెలితిప్పు బలం 40 న్యూటన్ మీటర్లు. క్యారేజి మధ్యలో ఉంటే చెరి సగం 20 చొప్పున రెండు వైపులకూ పోతుంది. ఈ గొట్టంలో దానివల్ల గోడల చుట్టూ ప్రవహించే కోతబలం మిల్లీమీటరుకు 1.7 న్యూటన్లకు కొంచెం పైన. మూత స్క్రూలు 50 మి.మీ.కు ఒకటి చొప్పున ఉంటే ఒక్కొక్క స్క్రూ దాటించవలసిన బలం 90 న్యూటన్ల లోపే. క్యారేజి ఒక చివరకు చేరినప్పుడు బలమంతా దగ్గరి ఆధారానికే పోతుంది కనుక అది రెట్టింపవుతుందని అనుకున్నా 180 దాటదు. ఒక ఎం5 స్క్రూను మితంగా బిగించినా రెండు, మూడు వేల న్యూటన్ల పట్టు వస్తుంది. ఉక్కు మీద ఉక్కు రాపిడి గుణకాన్ని 0.15గా తీసుకుంటే 300 నుంచి 450 న్యూటన్ల దాకా మూత జారదు. బలం దాటేది రాపిడి ద్వారానే తప్ప స్క్రూ కాండం రంధ్రం గోడకు ఆనడం ద్వారా కాదు. అందుకే రంధ్రం కొద్దిగా వదులున్నా బాధ లేదు.

ఈ లెక్క నిలబడాలంటే మూతకూ గొట్టానికీ మధ్య లోహం లోహాన్ని తాకాలి. దుమ్ము చొరకుండా అని మధ్యలో రబ్బరు గాస్కెట్ పెడితే మూత ఉన్నా లేనట్టే. రబ్బరు కోతబలానికి సాగిపోతుంది. మందపాటి పెయింటు కూడా కాలక్రమంలో నలిగి పట్టు తగ్గిస్తుంది కాబట్టి తాకే అంచుల దగ్గర పెయింటు గీకివేయండి. మూత మందం కనీసం 3 మి.మీ. ఉండాలి, గోడ మందమైన 4 అయితే మరీ మంచిది. అంచుకు అవతల స్క్రూ వరుసకు చోటు కావాలి కనుక 30 మి.మీ. కోతకు మూత 60 మి.మీ. వెడల్పుండాలి. 4 మి.మీ. గోడలో ఎం5 మరకు అయిదు చుట్లు దొరుకుతాయి. తరచూ విప్పేదైతే రివెట్ నట్లు (గోడలోనే నొక్కి బిగించే నట్లు) వేయడం మేలు. మూతను నెలకొకసారి విప్పవలసి వస్తే పది, ఇరవై స్క్రూలు విప్పడం విసుగు పుట్టిస్తుంది. విసుగు పుట్టాక మనిషి సగం స్క్రూలే తిరిగి బిగిస్తాడు. అందువల్ల రోజువారీ అవసరాలకు తీగలపెట్టె గారి బయటి తొట్టీ, ఏడాదికొకసారి చూసేవాటికి బిగించిన మూతా అని విడదీసుకోండి. ఏ పక్షం తీసుకున్నా కోతను గొట్టం చివర దాకా తీసుకువెళ్లవద్దు, కనీసం 80, 100 మి.మీ. చెక్కుచెదరని గొట్టాన్ని వదలండి. ఇందులో భేదాభిప్రాయం లేదు.

ఇంతవరకూ ఎవరూ ప్రస్తావించని విషయం పని వరుస. చదరపు గొట్టాన్ని చల్లగా మడిచి, ఒక వైపు అతికి చేస్తారు కనుక దాని గోడలలో తయారీ నాటి ఒత్తిళ్లు దాగి ఉంటాయి. పొడవాటి కోత పెట్టగానే అవి విడుదలై అంచులు తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది, గొట్టం మొత్తం కొద్దిగా విల్లులా వంగడమూ కద్దు. రైళ్లు కూర్చునే ముందు ముఖాన్ని మిల్లింగ్ చేయించిన తరువాత వెనుక కోత పెడితే ఆ ఖర్చంతా వృథా. వెల్డింగ్‌లు, రంధ్రాలు, కిటికీలు అన్నీ ముందు. రైళ్ల ముఖం చదును చేయడం అన్నిటికన్నా చివర. రంధ్రాలు మాత్రమే అయినా ఇదే వరుస పాటించండి.

ప్రక్క తలుపు విషయంలో ఇంకొక మాట. కంట్రోలర్ తలుపును ఆపరేటర్ నిలబడే వైపు కాక, గ్యాంట్రీ ప్రయాణ దిశకు అడ్డంగా ఉండే చిన్న ప్రక్కకు మార్చగలరేమో చూడండి. గ్యాంట్రీ వేగం పుంజుకుని ఆగే ప్రతిసారీ చట్రాన్ని ఊపేది దాని ప్రయాణ దిశలోనే. ఆ దిశకు సమాంతరంగా ఉన్న పొడవాటి ప్రక్కలలోని ఏటవాలు కడ్డీలే ఆ ఊపును ఆపుతాయి. వాటిని ముట్టుకోకుండా వదలడం మంచిది.

చదరపుగొట్టం

మీ ముగ్గురి సూచనలనూ కలిపి బొమ్మను ఇలా మార్చాను. దూలం వెనుక ముఖంలో 25 మి.మీ. రంధ్రాలు రెండు మాత్రమే. నడిమధ్యలో కనెక్టర్ పెట్టె. స్పిండిల్ కేబుల్‌కూ నీటి గొట్టాలకూ బయట రేకు తొట్టి. కంట్రోలర్ తలుపు చిన్న ప్రక్కకు. మిగిలిన సందేహం ఒక్కటే. కంపనం తగ్గడానికి దూలాన్ని ఎపాక్సీ జిగురు, రాతిగుళ్ల మిశ్రమంతో నింపుతారని చదివాను. అలా నింపితే రంధ్రాల వల్ల పోయిన గట్టిదనం తిరిగి వస్తుందా? వచ్చిందో లేదో ఇంట్లో కొలిచి చూసే పద్ధతి ఏదైనా ఉందా?

సమాధానం: మెలిపట్టు

నింపడం ప్రధానంగా కంపనాన్ని తొందరగా అణచడానికి ఉపయోగపడుతుంది. గట్టిదనం కొంత పెరిగినా, ఉక్కుతో పోలిస్తే ఆ మిశ్రమం ఎంతో మెత్తనిది కనుక దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మరోవైపు కదిలే గ్యాంట్రీకి బరువు శత్రువు. మీ గొట్టమే మీటరుకు 9 కిలోలకు పైగా ఉంది. లోపలి ఖాళీని నింపితే దానికి మరో 10 కిలోలకు తక్కువ కాకుండా చేరుతుంది, ఆ బరువును ప్రతిసారీ మోటార్లు ఆపి లేపాలి. కింది చట్రం కదలదు కాబట్టి నింపాలనుకుంటే దాన్ని నింపండి. అక్కడ కూడా కేబుల్ వెళ్లవలసిన గొట్టాలలో ముందు ప్లాస్టిక్ పైపు పెట్టి, రెండు కొసలూ మూసి, తరువాతే మిశ్రమం పోయాలి. ఒకసారి గట్టిపడ్డాక దారి తవ్వడం అసాధ్యం.

కొలిచే పద్ధతి కష్టమేమీ కాదు. వేలాడదీసే స్ప్రింగ్ త్రాసుతో క్యారేజిని, మొన ఉండే ఎత్తులో, 20 కిలోల గుర్తు వచ్చేదాకా ముందుకు లాగితే అది సుమారు 200 న్యూటన్లు. కదలికను గీతకు 0.01 మి.మీ. చూపే డయల్ గేజ్‌తో చూడండి. గేజ్ స్తంభాన్ని గ్యాంట్రీ మీద కాక కింది చట్రం మీద నిలపాలి. మొన దగ్గర కనిపించే సంఖ్యలో రైళ్లు, బేరింగులు, జెడ్ అక్షం, ప్రక్క స్తంభాలు అన్నిటి కదలికా కలిసి ఉంటుంది. కనుక అది నేను చెప్పిన 0.03 మి.మీ. కన్నా చాలా ఎక్కువ వచ్చినా కంగారు పడవద్దు, ఆ లెక్క దూలానికి మాత్రమే సంబంధించినది. దూలం మెలిని విడిగా చూడాలంటే దూలం పై ముఖానికి మధ్యలో ఒక 500 మి.మీ. గట్టి కడ్డీని నిటారుగా బిగించి, దాని పై కొస దగ్గర ఒక కొలతా, దూలం మధ్యరేఖ దగ్గర ఒక కొలతా తీసుకోండి. రెండింటి తేడాను ఆ రెండు చోట్ల మధ్య ఎత్తుతో భాగిస్తే మెలి కోణం వస్తుంది. చెక్కుచెదరని గొట్టానికి ఆ తేడా గేజ్ మీద మూడు, నాలుగు గీతలు ఉండాలి. ఇదే కొలతను రంధ్రాలు వేయకముందు ఒకసారి, వేసిన తరువాత ఒకసారి, రెండుసార్లూ అదే త్రాసుతో, దూలం బోల్టులను అదే బిగింపుతో బిగించి తీసుకోండి. రెండో సంఖ్య మొదటిదానికన్నా ఒక గీతకు మించి పెరిగితే రంధ్రాలను అనుమానించే ముందు, దూలం రెండు చివరల బోల్టు కీళ్లను చూడండి. ఇంట్లో చేసిన యంత్రాలలో కదలిక ఎక్కువగా బయటపడేది అక్కడే.